నాన్న పటం పక్కన అమ్మ: ఒక పోర్ట్రెయిట్ పని వివరాలు

గుంటూరులోని ఒక కుటుంబం వాళ్ల అమ్మగారి పటాన్ని నా చేత ఆయిల్ కలర్స్‌లో వేయించుకుంది. పోయినవాళ్ల పటాలు వేయడం నాకు కొత్త కాదు, నా దగ్గరకొచ్చే పనుల్లో సగానికి పైగా అవే. అయినా ఈ ఒక్కదాన్ని విడిగా రాసిపెడుతున్నాను. "పోలిక కుదర్లేదండీ" అన్న మాట వెనక అసలు తగవు ఏమై ఉంటుందో ఇందులో తెలిసొచ్చినంత బాగా మరే పనిలోనూ తెలియలేదు. ఇంటివాళ్లు రాసుకోమన్నారు. వాళ్లెవరో తెలియకుండా ఉండటానికి పేట, ఉద్యోగాలు, ఏడాది వదిలేశాను. ఒకటి రెండు వివరాలు మార్చాను.

నేపథ్యం

నా స్టూడియో విజయవాడలో ఉంది. ఆవిడ డెబ్బై ఎనిమిదో ఏట పోయారు. భర్త అంతకు ఇరవై ఏళ్ల ముందే పోయారు. ముగ్గురు పిల్లలు. పెద్దబ్బాయి గుంటూరులో సొంతింట్లోనే ఉంటారు, రెండో అబ్బాయి అమెరికాలో, అమ్మాయి విజయవాడలో. ఆఖరి ఆరేళ్లు ఆవిడ అమ్మాయి దగ్గరే ఉన్నారు. పటం మాత్రం గుంటూరు ఇంట్లో, హాల్లో పెట్టాలి. డబ్బు రెండో అబ్బాయిది. సంవత్సరీకం నాటికి గోడ మీద ఉండాలి. అది తిథి ప్రకారం వచ్చేది కాబట్టి వాయిదా అన్న మాటే లేదు.

ఒక్క పటం మీద ముగ్గురికి మూడు రకాల హక్కులున్నాయి. ఒకరిది గోడ, ఒకరిది డబ్బు, ఒకరిది జ్ఞాపకం. ఈ సంగతి మొదటి రోజే పుస్తకంలో రాసుకున్నాను.

చేతికొచ్చిన ఫోటోలు

ఆయిల్ పటం అడిగేవాళ్లు సాధారణంగా ఒక ఫోటో తెచ్చి "ఇదే వేసేయండి" అంటారు. వీళ్లు కవరు నిండా తెచ్చారు. పెళ్లినాటి నలుపు తెలుపు స్టూడియో ఫోటో ఒకటి. పెద్దబ్బాయి పెళ్లిలో, ఆవిడకు యాభై నాలుగేళ్లప్పుడు తీసిన కలర్ ఫోటో ఒకటి. ఆధార్ కార్డు. అమ్మాయి ఫోన్లో చివరి ఏళ్ల ఫోటోలు లెక్కలేనన్ని. వీటికి తోడు, మనవడు ఏదో యాప్‌లో వేసి "క్లియర్ చేసిన" ఫోటో. దాన్ని చూసి ఇంట్లో అందరూ మురిసిపోయారు.

నేను మొదట పక్కన పెట్టింది దాన్నే. చిన్న ఫోటోలో లేని వివరం ఏ యాప్‌కీ దొరకదు, అది తను చూసిన లక్షల మొహాల నుంచి ఊహించి నింపుతుంది. అలా నింపేటప్పుడు రెండు కళ్లూ సమానం చేస్తుంది, ముక్కు నిటారు చేస్తుంది. ఈవిడకు ఎడమ కనురెప్ప కుడిదానికంటే రవ్వంత కిందికి వాలి ఉంటుంది. నలుపు తెలుపు ఫోటోలోనూ ఉంది, ఆధార్‌లోనూ ఉంది. యాప్ ఫోటోలో లేదు. మనిషిని గుర్తుపట్టేది ఇలాంటి ఎగుడు దిగుళ్లతోనే, వాటిని చెరిపేసిన మొహం ఎంత అందంగా ఉన్నా నాకు పనికిరాదు. మనవడు కష్టపడి చేశాడు కాబట్టి ఈ మాట అతనికి రెప్ప చూపించి చెప్పాను. వెంటనే ఒప్పుకున్నాడు.

ఫోన్ ఫోటోల్లో ఇంకో చిక్కు ఉంది. చేయి చాపినంత దూరంలో తీసిన ఫోటోలో ముక్కు పెద్దదవుతుంది, చెవులు వెనక్కి పోతాయి. అది కెమెరా లోపం కాదు, దగ్గర్నుంచి చూస్తే కంటికైనా అంతే. అందుకే కనీసం ఆరేడు అడుగుల దూరం నుంచి తీసినవే కొలతలకు వాడతాను. పైగా కొన్ని సెల్ఫీలు అద్దంలో బొమ్మలా తిరగబడి సేవ్ అవుతాయి. ఒక ఫోటోలో ముక్కుపుడక కుడి వైపు, మరోదాంట్లో ఎడమ వైపు కనిపించింది. ఏది నిజమని అడిగితే అమ్మాయి కూడా తడుముకున్నారు. తేల్చింది పమిట. మన కట్టులో పమిట ఎడమ భుజం మీదే ఉంటుంది. కుడి భుజం మీద కనిపించిందంటే ఆ ఫోటో తిరగబడినట్టే. అలాంటివన్నీ ఏరి, వెనక్కి తిప్పి ప్రింటు తీయించాను. లేకపోతే ముక్కుపుడకతో పాటు వాలిన రెప్ప కూడా అటుది ఇటు వచ్చేది.

మొదట ప్రయత్నించింది

మొహం అసలు సైజులో బొగ్గుతో ఒక స్కెచ్ గీసి, ముగ్గురూ ఉన్న వాట్సాప్ గ్రూపులో పెట్టాను. స్కెచ్ మీద ఒప్పుకున్నాకే రంగు ముట్టుకోవడం నా పద్ధతి. స్కెచ్‌లో చెంప సరిచేయడం చేతి గుడ్డతో అయ్యే పని, ఆయిల్‌లో అదే పని రోజులు తింటుంది.

జవాబులు ఇలా వచ్చాయి. పెద్దబ్బాయి: "చెంపలు ఇంకాస్త నిండుగా ఉండాలండీ." అమ్మాయి: "చెంపలు ఎక్కువయ్యాయి మాస్టారూ, అమ్మ మొహం పీక్కుపోయి ఉండేది." రెండో అబ్బాయి: "మెళ్లో గొలుసు ఏది?"

చెంపలు సర్దాను, మళ్లీ పంపాను. ఈసారి కళ్లు. తర్వాత నుదురు. ప్రతి సవరణకీ ఒకరు సంతోషించారు, ఒకరు నొచ్చుకున్నారు. ఇలాంటి చోట ఇంకో స్కెచ్ గీయడం తేలిక, ఆగడమే కష్టం. నేను ఆగాను. ముగ్గురు ఒకే మొహం గురించి మాట్లాడుతుంటే వాళ్ల అభ్యంతరాలు క్రమంగా ఒకచోటికి చేరాలి, తగ్గుతూ పోవాలి. ఇక్కడ తగ్గడం లేదు, చోటు మారుతున్నాయి. అంటే చేతిలో లోపం కంటే ముందు తేలాల్సింది ఇంకేదో ఉంది. దానికి తోడు ఫోన్ తెరమీద అరచేతిలో చూసి చెప్పే అభిప్రాయం, గోడ మీద పది అడుగుల దూరం నుంచి చూసే పటానికి సరిపోదు. గ్రూపులో బొమ్మలు పెట్టడం అంతటితో మానేశాను.

తర్వాత అమ్మాయి చెప్పిన వైపు మొగ్గి చిన్న కలర్ స్టడీ, అంటే అసలు పటానికి ముందు రంగుల్లో వేసే నమూనా, ఒకటి చేశాను. చివరి ఏళ్ల మొహం, తెల్ల జుట్టు, నుదుట విభూతి. అటు మొగ్గడానికి కారణం ఉంది. ఆ వయసుకి ఫోటోలు పుష్కలం, వెలుగు తెలుస్తుంది, ఒంటి రంగు తెలుస్తుంది, చూసినవాళ్లు చెప్పడానికి ఉన్నారు. ఆధారాలు ఎక్కువున్న చోట పోలిక తేలిగ్గా వస్తుంది. వచ్చింది కూడా. అమ్మాయి చూసి కళ్లు తుడుచుకున్నారు.

దాన్ని గుంటూరు తీసుకెళ్లి హాల్లో గోడకు ఆనించాం. పెద్దబ్బాయి చాలాసేపు చూసి, "ఆర్టిస్టు గారూ, ఇది అమ్మే, కాదనను. కానీ నాన్న పక్కన పెడితే నాన్నకి అమ్మలా ఉంది" అన్నారు.

నేను అప్పటిదాకా చూడని విషయం ఆ గోడ మీదే ఉంది. వాళ్ల నాన్నగారి పటం. యాభై ఏళ్ల వయసులో తీసిన నలుపు తెలుపు ఫోటోను పెద్దది చేయించి, స్టూడియోలో చేత్తో రంగులు వేయించిన 15×12 అంగుళాల ఎన్‌లార్జ్‌మెంట్. నల్లటి జుట్టు, దిట్టంగా ఉన్న మనిషి. అమ్మ పటం ఉండాల్సింది దాని పక్కనే. ఇంటి గోడల మీద ఇలాంటి జంటలు మీరూ చూసే ఉంటారు. ముందు పోయినవారు పటంలో వయసులోనే ఉండిపోతారు, తర్వాత పోయినవారు ముసలివారై పక్కన చేరతారు. చాలామంది సర్దుకుంటారు. ఈయన సర్దుకోలేకపోయారు, అది తప్పూ కాదు.

ఆ స్టడీకే బొట్టు పెట్టి, జుట్టు కాస్త నల్లగా చేస్తే సరిపోదా అని ఇంట్లో ఒకరు అడిగారు. అందుకు నేను ఒప్పుకోలేదు. బొట్టు నగలాగా తర్వాత తగిలించేది కాదు. ఆవిడ పెద్ద బొట్టు పెట్టుకున్నది భర్త ఉన్నప్పుడు. అప్పుడు ఆ మొహమూ వేరు. చివరి ఏళ్లలో కట్టుడు పళ్ల వల్ల మూతి తీరే మారిపోయింది, ముక్కుకీ గడ్డానికీ మధ్య దూరం తగ్గింది. ఆ మూతి మీద ఆ బొట్టు పెడితే ముగ్గురు పిల్లల్లో ఎవరికీ తెలియని నాలుగో మనిషి తయారవుతుంది.

పని జరిగింది ఎలాగంటే

రెండో అబ్బాయి సెలవుల్లో వచ్చినప్పుడు ముగ్గురినీ గుంటూరు ఇంట్లోనే కూర్చోబెట్టాను. ఫోటోలన్నీ ఏళ్ల వరసలో చాప మీద పరిచాను. అమ్మ ఎలా ఉండేవారు అని అడగలేదు. అలా అడిగితే చెంపలు, కళ్లు అని మళ్లీ ముక్కలుగా చెబుతారు. "అమ్మ అనగానే ఏం చేస్తూ కనిపిస్తారు?" అని అడిగాను.

పెద్దాయనకు పెరట్లో ఎండుమిరపకాయలకు తొడిమెలు తీస్తూ. రెండో ఆయనకు అన్నయ్య పెళ్లిలో పీటల పక్కన నిలబడి. అమ్మాయికి బాల్కనీలో మంచం మీద. ఒక్కొక్కరు చెప్పిన దానికి వయసు లెక్కగడితే నలభై దాటిన అమ్మ, యాభై నాలుగేళ్ల అమ్మ, డెబ్బై అయిదు దాటిన అమ్మ. వాళ్లు గొడవపడుతున్నది చెంపల గురించి కాదని అప్పుడు వాళ్లకే అర్థమైంది. పెద్దగా మాటలు జరగలేదు. అమ్మాయే కాసేపటికి, "నాన్న పక్కన కాబట్టి నాన్న ఉన్నప్పటి అమ్మే ఉండాలి అన్నయ్యా" అన్నారు. యాభై అయిదు దరిదాపు వయసు ఖాయమైంది. బొట్టు సంగతి దానంతటదే తేలిపోయింది.

నిర్ణయాలు కూడా అప్పుడే పంచాను. వయసు, చీర, బొట్టు వంటి వాటికి పెద్దబ్బాయి మాట ఆఖరు, ఎందుకంటే రోజూ చూసేది ఆయన. కళ్లు, మూతి విషయంలో అమ్మాయి మాట, ఎందుకంటే ఆ మొహాన్ని దగ్గర్నుంచి ఎక్కువ కాలం చూసింది ఆవిడ. సైజు, ఫ్రేము ఖర్చు రెండో అబ్బాయిది. కాగితం మీద రాసి ముగ్గురి సంతకాలు తీసుకున్నాను. కఠినంగా అనిపించవచ్చు గానీ, అందరూ అన్నిటి మీదా మాట్లాడే పనిలో చివరికి ఎవరూ ఒప్పుకోరు.

సైజు దగ్గర రెండో అబ్బాయితో కాస్త వాదన అయింది. ఆయన మొదట అడిగింది 36×30. నాన్నగారి పటంలో తల ఎత్తు, కొలిస్తే, అయిదు అంగుళాలు దాటదు. అంత పెద్ద క్యాన్వాస్ మీద అమ్మ తల దానికి దాదాపు రెట్టింపు వస్తుంది, నాన్న చిన్నపిల్లాడైపోతాడు. తల అయిదున్నర అంగుళాలకు కుదించి, క్యాన్వాస్ 20×16 చేద్దామన్నాను. నాన్నగారి ఫోటోకి చుట్టూ వెడల్పు మౌంట్ (అట్ట అంచు) వేసి కొత్త ఫ్రేము కట్టిస్తే బయటి కొలతలు రెండూ ఒకటవుతాయి. డబ్బు తగ్గే సలహా ఆర్టిస్టే ఇస్తున్నాడని ఆయన అనుమానంగా చూశారు, తర్వాత టేపు పట్టుకుని తనే కొలుచుకున్నారు.

ఇక అసలు చిక్కు. నాన్నగారి మొహం కొంచెం మన కుడి వైపు తిరిగి ఉంది, వెలుగు మన ఎడమ నుంచి పడుతోంది. అమ్మ పటం ఆయనకు మన కుడి పక్కన వస్తుంది కాబట్టి ఆవిడ మన ఎడమ వైపు, అంటే ఆయన వైపు, తిరిగి ఉండాలి. వెలుగూ అటు నుంచే రావాలి. పెద్దబ్బాయి పెళ్లి ఫోటోలో ఆవిడ తిరిగింది కుడికి. ఆ ఫోటోను తిరగేస్తే రెప్ప, పుడక, పమిట అన్నీ తారుమారు. పైగా అది ఫ్లాష్ ఫోటో, వెలుగు ఎదురుగా పడి మొహం చదునుగా ఉంది. దానికి తోడు గోడకు వేలాడి ఎండ సోకి రంగు వెలిసింది. విజయవాడ గాంధీనగర్‌లో సినిమా బ్యానర్లు గీసిన పెద్దల దగ్గర నేర్చుకున్న గళ్ల పద్ధతి, అంటే ఫోటో మీదా క్యాన్వాస్ మీదా గళ్లు గీసి గడికి గడి ఎక్కించడం, నాకు ఇప్పటికీ చెయ్యికొచ్చిన విద్యే. కానీ గళ్లు కట్టి ఎక్కిస్తే ఫోటోలో ఉన్న తప్పులన్నీ కూడా కొలత ప్రకారం ఎక్కుతాయి.

అందుకని ఆవిడ చెల్లెల్ని కూర్చోమని అడిగాను. పిల్లలకు పిన్ని, డెబ్బై దాటిన మనిషి. అమ్మాయి వెళ్లి ఒప్పించి తీసుకొచ్చారు. అక్కాచెల్లెళ్లకు కనుబొమ్మల దగ్గర ఎముక, బుగ్గ ఎముక ఒకటే. గడ్డం వేరు. పిన్నిగారి నుంచి నేను తీసుకున్నది పోలిక కాదు, నీడ. కిటికీ ఎడమ పక్కన ఉంటే ఆ బుగ్గ ఎముక కింద నీడ ఎక్కడ మొదలై ఎక్కడ కరుగుతుంది, ముక్కు పక్క నీడ పెదవి దాకా వస్తుందా రాదా, చామనఛాయ ఒంటి మీద ఆ నీడ ఎరుపు వైపు పోతుందా ఆకుపచ్చ వైపా. ఇవి ఏ ఫోటో చెప్పదు. అక్కగారి మంగళగిరి చీర, నిజాం అంచుది, బీరువాలోంచి తీసి కట్టించారు. ఆ నేత బట్ట మడత పడే తీరు వేరు, సిల్కులా మెరవదు. మడతల్ని ఎదురుగా చూస్తూ వేయడం వేరే పని.

పిన్నిగారు కూర్చున్నప్పుడే గొలుసు సంగతి కూడా బయటపడింది. పెళ్లి ఫోటోలోని రెండు పేటల గొలుసు పటంలో ఉండాలని రెండో అబ్బాయి పట్టు. పిన్నిగారు ఆ ఫోటో తీసుకుని కళ్లజోడు పైకెత్తి చూసి, "ఆ గొలుసు అక్కది కాదు నాయనా, నాది. పెళ్లిలో బోసి మెడతో తిరిగితే బాగోదని నేనే మెళ్లో వేశా. అక్క గొలుసు అప్పటికే బ్యాంకులో ఉంది, పిల్ల చదువుకి" అన్నారు. అమ్మాయి ఏమీ అనలేదు. ఆ పిల్ల తనే.

గొలుసు వేయడమా మానడమా అన్నది నేను తేల్చే విషయం కాదు. కానీ దారి ఒకటి కనిపించింది. అమ్మాయి ఫోన్లో ఒక వీడియో ఉంది. ఆవిడ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ ఎవరో చెప్పేది వింటున్నారు. పమిట కొంగు కుడి భుజం మీదుగా చుట్టూ లాక్కుని కప్పుకున్నారు. ఎప్పుడూ అలాగే ఉండేవారా అని అడిగితే ముగ్గురూ ఔనన్నారు, మొదటిసారి ఒకే మాట మీద. కొంగు అలా కప్పితే మెడ దగ్గర నల్లపూసలు కొద్దిగా కనిపిస్తాయి, గొలుసు ఉన్నదీ లేనిదీ తెలియదు. పెద్దబ్బాయి సరేనన్నారు.

ఆ వీడియో ఇంకో ఉపకారం చేసింది. వినేటప్పుడు ఆవిడ తల కొంచెం ఎడమకు వంచేవారు, పెదవులు బిగించేవారు. వయసు మారినా ఆ అలవాటు మారి ఉండదని, చివరి ఏళ్ల వీడియో నుంచి తల వంపునూ చూపునూ తీసుకుని యాభై అయిదేళ్ల మొహానికి పెట్టాను. అమ్మాయి దగ్గర ఆరేళ్లున్న మనిషి ఆ రకంగా పటంలోకి వచ్చారు.

రంగుల పని గురించి కొద్దిగా

ఆయిల్ రంగు నీళ్లు ఆవిరైనట్టు ఆరదు, అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్ పీల్చుకుని గట్టిపడాలి. గడువు కదలదు కాబట్టి అడుగు పొర పల్చగా ఆక్రిలిక్‌లో వేసి, దాని మీద ఆయిల్ వేశాను. ఆక్రిలిక్ మీద ఆయిల్ వేయవచ్చు, ఆయిల్ మీద ఆక్రిలిక్ వేయకూడదు, కొన్నాళ్లకు పొరలూడుతుంది. నీడలకు వాడిన అంబర్ అనే గోధుమ రంగు త్వరగా ఆరుతుంది, టైటేనియం వైట్ నెమ్మది, అందుకే నుదుటి మీద వెలుగు భాగం పల్చగా ఉంచాను.

ఆఖరి చూపు నా స్టూడియోలో పెట్టలేదు. గుంటూరు హాల్లో, అదే ఎత్తులో, నాన్నగారి పటం పక్కన, అదే ట్యూబ్‌లైటు కింద పెట్టాను. అమ్మాయి, "అంతా అమ్మే మాస్టారూ, కానీ ఏదో అడుగుతున్నట్టుంది. అమ్మ అడిగేది కాదు" అన్నారు. ఇలాంటప్పుడు గీత మార్చాలనిపిస్తుంది. ముందు అంచులు చూడాలని నా అనుభవం. ఎడమ వైపు పెదవి మూల పదునుగా తెగి ఉంది. పొడి బ్రష్‌తో ఆ మూలను నీడలోకి కలిపేశాను, గీత కదల్చలేదు. అమ్మాయి దూరంగా వెళ్లి చూసి తలూపారు.

తర్వాతి పనులకు

ఇప్పుడు ఎవరు పటం అడిగినా ఫోటోల కంటే ముందు గోడ ఫోటో పంపమంటాను. పక్కన ఏ పటం ఉంది, అందులో తల ఎంత, వెలుగు ఎటు నుంచి, కిటికీ ఎక్కడ. వయసు రాసి సంతకం పెట్టాకే అడ్వాన్సు తీసుకుంటాను. స్కెచ్‌ను వాట్సాప్‌లో ఎవరికీ చూపించను. అమెరికాలో ఉన్నవాళ్లకు కూడా అసలు సైజు ప్రింటు తీయించి గోడకు అంటించి చూడమంటాను.

ప్రింట్ల మాట కూడా ఒప్పందంలోనే రాస్తున్నాను. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి వేయించుకున్న పోర్ట్రెయిట్‌పై కాపీరైట్, వేరే ఒప్పందం లేకపోతే, వేయించుకున్నవారిదే. చాలామంది ఆర్టిస్టులు తమదనుకుంటారు. ఈ కేసులో ముగ్గురూ తలొక ప్రింటు తీయించుకున్నారు. నా పనుల పుస్తకంలో ఆ పటాన్ని చూపించుకోవడానికి విడిగా అనుమతి రాయించుకున్నాను, తర్వాత వాళ్ల ఇష్టం మేరకు చూపించడం లేదు.

ముసలి వయసు కలర్ స్టడీ అమ్మాయి కొనుక్కుంటానన్నారు. అది ఒప్పందంలోని పనిలో భాగంగా చేసింది కాబట్టి మళ్లీ డబ్బు తీసుకోలేదు, ఫ్రేము ఖర్చు మాత్రం ఆవిడ పెట్టుకున్నారు.

సంవత్సరీకం నాటికి రంగు చేతికి అంటకుండా ఆరింది గానీ, వార్నిష్‌కి కనీసం ఆరు నెలలు ఆగాలి. అందాకా దండను పటానికి ఆనించకుండా గోడకు వేరే మేకులు కొట్టి వేలాడదీయమన్నాను, అగరబత్తి స్టాండు పక్కకు జరపమన్నాను. ఎదురుగా ట్యూబ్‌లైటు ఉంది కాబట్టి మెరుపు వార్నిష్ కాకుండా మ్యాట్ ఎంచుకున్నాం. వార్నిష్ వేయడానికి వెళ్లే ముందు రెండో అబ్బాయి అమెరికా నుంచి ఫోన్ చేసి, ఎలాగూ వెళ్తున్నారు కదా, కొంగు అంచు దగ్గర గొలుసు కొద్దిగా కనిపించేలా వేయడం కుదురుతుందా అని అడిగారు. ఒప్పందం ప్రకారం ఆ మాట అన్నయ్యగారిదని చెప్పాను. ఇంకా వాళ్లిద్దరి మధ్యే నడుస్తోంది.